ఆరో నంబరు రంగు

ఆ వేసవిలో మా వీధి చివరనున్న ఖాళీ స్థలంలో అయిదంతస్తుల భవనం లేచింది. దాని వెనక మా అమ్మాయి ఉండిపోయింది.

అమ్మాయంటే గోడ మీది బొమ్మ. ఫిలడెల్ఫియాలో ఒక ఇల్లు కూల్చేశాక పక్కింటి గోడ బయటపడితే దాన్ని బోసిగా వదిలెయ్యరు. ఎవరో ఒకరు వచ్చి బొమ్మ వేస్తారు. మా వీధి గోడకు మా రోవెనా దక్కింది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ ఖాళీ స్థలంలోనే చిన్నపిల్లలను పోగేసి, ఇద్దరు రెండు తాళ్ళు తిప్పుతుంటే మధ్యలో గెంతే జంట తాళ్ళాట నేర్పేది. ఒక జూలైలో ఉబ్బసం ముదిరి, ఆసుపత్రికి చేరేలోపే పోయింది. మరుసటి ఏడు ఆమెను మూడంతస్తుల ఎత్తున గోడకెక్కించారు.

నేను చూడలేదు. ఎనిమిదేళ్ళపాటు నేను పాఠాలు చెప్పే బడికి వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. నా భర్త వెండెల్ అలా కాదు. తపాలా ఉద్యోగం నుంచి దిగిపోగానే ఒక ఐసు బండి కొని ఆ గోడకు ఎదురుగా మూల మీద పెట్టాడు. మా ఊళ్ళో వేసవి అంటే నిమ్మకాయ ఐసు. పొద్దున్నే పంచదార, నిమ్మరసం, నీళ్ళు కలిపి గిలక్కొట్టి, సాయంత్రం దాకా దాని ఎదుట నిలబడి ఐసు అమ్మేవాడు. మా ఇంట్లో ఎవరి దుఃఖం వారిది. ఒకరి దానిలో ఒకరం వేలు పెట్టలేదు.

జూన్‌లో, బడికి సెలవులిచ్చిన వారం, వెండెల్ అక్క బెర్నడీన్ మా వంటింట్లోకి వచ్చి విసనకర్రతో బల్ల మీద కొట్టింది.

"కంచెకి ఇల్లు కట్టబోతున్నామని నారింజ రంగు నోటీసు కట్టారు, చూశావా ఎర్నెస్టీన్? ఓహో, నువ్వు ఆ పక్కకే రావుగా."

"ఏం కడతారట?"

"అద్దె ఇళ్ళు. కింద కాఫీ కొట్టు. మన పిల్ల ముఖానికి అడ్డంగా ఎవడో నిలబడి పాలనురగ మీద ఆకు బొమ్మ గీస్తాడు. దానికి జనం ఫొటోలు తీసుకుంటారు."

"ఆపడానికేం లేదా?"

"ఏముంది? స్థలం వాళ్ళది, గోడ పక్కింటి ముసలి హాస్కిన్స్‌ది. మనదల్లా పైనున్న రంగే."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వెండెల్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు చిక్కుడు గింజలను పక్కకు జరుపుతూ కూర్చున్నాడు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"ఆగస్టుకి గోడ దాకా వస్తారట."

"ఆ ఉప్పు ఇలా అందించు."

అందించాడు. ఆ నెలంతా మేము దాని గురించి మాట్లాడుకున్నది అంతే.

జూలైలో రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ మూల మీది చాకలి కొట్టు దాకా వెళ్ళి, దాని అద్దంలో నా ముఖం చూసుకుని వెనక్కి వచ్చాను. సొంత కాళ్ళతో ఆ మలుపు తిరగడం నా వల్ల కాలేదు. ఎవరైనా తీసుకెళ్ళి చూపిస్తే చూడగలనేమో అనిపించింది. ఊరు చూడడానికి వచ్చేవాళ్ళను బొమ్మలున్న గోడలన్నీ తిప్పి, మధ్యమధ్యలో ఊరి తిండి తినిపించే బస్సు ఒకటుంది. ఒక బుధవారం టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నగరం నడిబొడ్డుకు వెళ్ళి ఆ బస్సెక్కాను.

మైకు పట్టుకుని నిలబడ్డవాడు క్లిఫ్టన్. నా దగ్గర అయిదో తరగతి చదివాడు. ఇప్పుడు గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి.

"టీచర్! మీరా? మీరిక్కడ..."

"ఊరు చూద్దామని."

"మీరు పుట్టిందే ఈ ఊళ్ళో కదా!"

"అందుకే చూడలేదు. నోట్లో ఏమిటది?"

గడ్డం నెరిసిన మనిషి నమిలేదాన్ని గుటుక్కున మింగేశాడు. ముందు వరుసలో కూర్చున్నావిడ పకపకా నవ్వింది. నెబ్రాస్కా నుంచి వచ్చిందట. మీరెక్కడి నుంచి అని అడిగితే, దగ్గరే అన్నాను.

ఊరు చాలా బాగుంది. ఒక గోడ మీద బాకా ఊదేవాళ్ళు, ఒక గోడ మీద తోటపని చేసుకునే ముసలివాళ్ళు, రైలు పట్టాల పక్కన రెక్కలు చాచిన కొంగ. ఒక వీధిలో పొయ్యిలోంచి అప్పుడే తీసిన మెలిరొట్టెలు ఇచ్చారు. ఉప్పురాళ్ళు, పైన ఆవపిండి ముద్ద. ఇంకో చోట రొట్టె మధ్యలో పంది మాంసం, చేదాకు కూర కూరి ఇచ్చారు. నెబ్రాస్కా ఆవిడ సగం తిని, "ఇంత నేను తినలేను, మీరు తినండి" అని తక్కిన సగం నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఆకలేసింది. అది నన్నే ఆశ్చర్యపరిచింది.

తర్వాత బస్సు మా వీధిలోకి తిరిగింది.

నేను ఊహించుకున్న దానికన్నా పెద్దగా ఉంది. మెట్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో రెండు తాళ్ళ చుట్ట. చూపు పక్కకు తిరిగి ఉంది. ఎడమచెయ్యి కింది మెట్టు మీద ఆనించి ఉంది. అది నేలకు మనిషెత్తులోపే ఉంది, తలుపంత చెయ్యి. దాని రంగు నీలం. వేళ్ళు, గోళ్ళు, మణికట్టు, అన్నీ నీలం.

"ఇదే ఆ నీలం చెయ్యి," అన్నాడు క్లిఫ్టన్. నా వైపు చూడడం లేదు. "దీన్ని వేసినావిడ మారిసోల్. ఈ అమ్మాయి మనల్ని వదిలి వెళ్ళింది. మిగతా ఒళ్ళంతా ఇంకా మన దగ్గరే ఉంది, చెయ్యి మాత్రం అప్పుడే ఆకాశమైపోతోంది. ఇక ఆ చూపు... ఆ చూపు భవిష్యత్తు వైపు."

బస్సంతా మెత్తగా ఊపిరి వదిలింది. అందరూ దిగి, తెరిచి ఉన్న కంచెలోంచి ఒక్కొక్కరే వెళ్ళి, ఆ నీలం చేతి మీద తమ చెయ్యి పెట్టి ఫొటోలు తీయించుకున్నారు. ఎన్ని చేతులు తాకాయో, దాని నడుమ రంగు పల్చబడింది.

ఆ బొమ్మకు మూలమైన ఫొటో తీసింది నేను. ఆ రోజు వాళ్ళ నాన్న మూల మీది కొట్టుకు వెళ్ళాడు. అమ్మాయి కెమెరా వైపు చూడమంటే చూడదు. "తొందరగా తియ్యమ్మా, నాన్న ఐసు తెస్తాడు, కరిగిపోతుంది" అంది. భవిష్యత్తు ఏమీ లేదు ఆ చూపులో. నిమ్మకాయ ఐసు ఉంది.

ఇప్పుడు ఆ చూపు ఎక్కడ పడుతుందా అని తల తిప్పాను. సరిగ్గా అక్కడే వెండెల్ బండి ఉంది.

బొమ్మ చూశాక అందరికీ అక్కడ ఐసు ఇప్పించడం బస్సువాళ్ళ అలవాటు. అమ్మేవాడు ఆ పిల్ల తండ్రి అని వీధిలో అందరికీ తెలుసు. బయటివాళ్ళకు చెప్పొద్దని వెండెల్ మాట తీసుకున్నాడు, ఎనిమిదేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. వెండెల్ తల ఎత్తాడు. గరిటె గాలిలో ఆగింది.

"నిమ్మా, చెర్రీయా, మేడమ్?" అన్నాడు.

"నిమ్మ."

గిన్నె నిండా పెట్టి, పైన ఇంకో గరిటె పెట్టాడు.

"జాగ్రత్త. ఎండకి తొందరగా కరిగిపోతుంది."

బస్సెక్కేటప్పుడు క్లిఫ్టన్ నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "నేను చెప్పింది తప్పా, టీచర్?"

"వాక్యం బాగుంది, క్లిఫ్టన్," అన్నాను.

ఆ సాయంత్రం వెండెల్ బండి కడిగి లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరెలా ఉంది?"

"బాగుంది. రొట్టెలో మాంసం మరీ ఎక్కువ."

"గైడు?"

"గట్టిగా మాట్లాడతాడు." గిన్నెలు దించుతూ అడిగాను. "ఆ చెయ్యి ఎందుకలా ఉంది?"

వెండెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక కూడా తువ్వాలు వదలలేదు.

మా ఊళ్ళో ఇలాంటి బొమ్మను నేరుగా గోడ మీద వెయ్యరు. పల్చటి గుడ్డ ముక్కల మీద గీతలు గీసి, ప్రతి గడిలోనూ ఒక అంకె వేసి, చర్చి నేలమాళిగలో పొడుగు బల్లల మీద పరుస్తారు. వీధిలోవాళ్ళంతా వచ్చి, ఏ అంకె గడిలో ఆ అంకె డబ్బా రంగు నింపుతారు. ఎవరి ముక్కలో ఏముందో వాళ్ళకు తెలియదు. అన్నీ ఆరాక గోడకు అంటిస్తారు. అలా రంగులు వేసిన రోజు నేను మంచం దిగలేదు. వెండెల్ వెళ్ళాడు.

"బల్లకి అవతలి పక్క కూర్చున్నా. నా ముక్క తలకిందులుగా ఉందని నాకు తెలీదు. ఆరు నాకు తొమ్మిదిలా కనపడింది. ఆరు కింద మారిసోల్ గీత గీసిందట, తేడా తెలియాలని. అది కూడా గడి గీతే అనుకున్నా." తువ్వాలును మోకాలి మీద సాపు చేశాడు. "ఆరు ఒంటి రంగు, తొమ్మిది ఆకాశం రంగు. ఎంత నిదానంగా వేశానో తెలుసా ఎర్నీ? అంచు దాటకుండా. ఏదో మబ్బు అనుకున్నా. గోడకెక్కాక చూస్తే దాని చెయ్యి."

"మారిసోల్ దిద్దలేదా?"

"మర్నాడు వచ్చి దిద్దుతానంది. ఈలోగా బస్సు వచ్చింది. వాళ్ళెవరో ఆహా అన్నారు. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఉంచేద్దామా అనడిగింది. సరే అన్నా."

"ఎందుకన్నావు?"

"దాని మీద ఇంకో కుంచె పడుతుంటే చూస్తూ నిలబడలేననిపించింది."

బయట బెర్నడీన్ ఎవరినో పేరు పెట్టి కేకలేస్తోంది.

"ఇప్పుడు మూసేస్తారు," అన్నాడు వెండెల్. "తప్పు చేత్తో దాన్ని లోపలికి పంపలేను. మీ అమ్మ పోయినప్పుడు గోళ్ళ రంగు సరిగా లేదని పేటిక మూత వెయ్యనిచ్చావా నువ్వు? పాస్టరు గారిని ఎండలో నిలబెట్టావు."

"ఆవిడకి ఆ గులాబీ రంగు అసహ్యం."

"మరి?"

ఇటుక గోడకు జానెడు దూరంలో బూడిదరంగు దిమ్మలతో కొత్త గోడ లేస్తూ వచ్చింది. స్థలం వెనక నుంచి వీధి వైపుకు కట్టుకుంటూ వస్తున్నారు. ఆగస్టు రెండో వారానికి మెట్లూ, చెప్పులూ, తాళ్ళ కొసలూ లోపలికి వెళ్ళిపోయాయి. కింది భాగంలో వీధి వైపు చివర ఉన్న ఆ చెయ్యి మిగిలింది; పైన ముఖం దాకా గోడ ఇంకా లేవలేదు.

బెర్నడీన్ స్థలానికి ఎదురుగా ఉన్న తన ఇంటి మెట్ల మీద కూర్చుని మేస్త్రీని వదిలిపెట్టలేదు.

"ఏమయ్యా, రేపు ఆదివారం కూడా దిమ్మలు పేరుస్తావా? దేవుడు చూస్తుంటాడు!"

"రేపు సెలవేనమ్మా. సోమవారం ఈ చివర అయిపోతుంది."

"అయిపోతుందని నవ్వుతూ చెప్పకు."

"నవ్వట్లేదమ్మా. నా ముఖమే అంత."

"అయితే మీ అమ్మనే అడగాలి," అంది. ఆ మాటకు మేస్త్రీ నిజంగానే నవ్వాడు. రేపొకసారి మేము లోపలికి వస్తామని చెబితే, కంచె తాళం వెయ్యకుండా వదిలి వెళ్ళాడు.

శనివారం మధ్యాహ్నం వెండెల్ మారిసోల్‌కు ఫోను చేశాడు. ఆమె ఇప్పుడు పశ్చిమ తీరంలో ఎక్కడో ఉంటోంది. ఫోను బల్ల మీద పెట్టాడు, నాకూ వినపడేలా.

"ఆరో నంబరు డబ్బా ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది," అంది ఆమె. "పాళ్ళు నాకు గుర్తు లేవు వెండెల్. అది ఫొటోలోంచి తీసిన రంగు కాదు, ఫొటో వెలిసిపోయింది కదా. బొమ్మ గురించి అడగడానికి మీ ఇంటికి వచ్చాను, గుర్తుందా? మీ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. ఆ చేతిని చూసి కలిపాను."

వెండెల్ నా వైపు చూడలేదు. నేను ఆ కప్పు ఎక్కడుందా అని బీరువా వైపు చూశాను.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా వెళ్ళాం. ఆ మలుపు నా కాళ్ళతో నేనే తిరిగాను. చాకలి కొట్టు అద్దం ఎప్పుడు దాటానో చూసుకోలేదు.

వెండెల్ కోటు విప్పి కంచెకు తగిలించాడు. తపాలా ఉద్యోగపు పాత చొక్కా తొడుక్కుని, ఒక పళ్ళెంలో రంగులు కలపడం మొదలుపెట్టాడు. మొదటిది ఎర్రబారింది. రెండోది బురదలా వచ్చింది. మూడోసారి కొంచెం పసుపు వేసి, నుదురు తుడుచుకున్నాడు.

"ఇలా తే," అన్నాడు.

నా ఎడమచెయ్యి పట్టుకుని, ఆ నీలం చేతి పక్కన ఇటుక మీద ఆనించాడు. ఇటుక వేడిగా ఉంది. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఐసు పనిచేసేవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయట. నాకు తెలియదు. ఎనిమిదేళ్ళలో తెలుసుకునే పని పడలేదు.

కుంచె కొసతో నా చెయ్యి వెనక ఒక చుక్క పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపి, తుడిచి, మళ్ళీ కలిపాడు. మళ్ళీ పెట్టాడు. కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా వంగి చూశాడు. తుడిచాడు. అలా ఎన్నిసార్లో. నేను కదలలేదు. మా ఇద్దరి పైన రోవెనా పక్కకు చూస్తూ కూర్చుంది.

ఒకసారి చుక్క పెట్టి, అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది? తుడువు," అన్నాను.

"ఎక్కడ పెట్టానో కనపడ్డం లేదు."

నేను కూడా వంగి చూశాను. నాకూ కనపడలేదు.

అతను మణికట్టు నుంచి మొదలుపెట్టాడు. నిదానంగా, అంచు దాటకుండా. నాలుగు వేళ్ళూ అయ్యాక కుంచె నాకిచ్చాడు. బొటనవేలు నేను వేశాను. చిన్నప్పుడు దాని నోట్లోంచి రోజూ లాగేసిన వేలు.

సోమవారం పొద్దున బండి పక్కన నేనూ నిలబడ్డాను. మేస్త్రీ మనుషులు సున్నం కలుపుకుంటున్నారు. బస్సు వచ్చి ఆగింది. క్లిఫ్టన్ మైకు నోటి దాకా తెచ్చి, గోడను చూసి, దించేశాడు.

ఒకావిడ ఫోనులోని ఫొటోను, గోడను మార్చి మార్చి చూసింది. "ఆ నీలం చెయ్యి ఏదండీ? మేము దాని కోసమే వచ్చాం."

క్లిఫ్టన్ నా దగ్గరికి వచ్చాడు. "టీచర్, అది లేకపోతే నేనేం చెప్పను?"

నేను వెండెల్‌ను చూశాను. అతను ఐసు టబ్బులోకి వంగి, గడ్డకట్టినదేదో గీకుతున్నట్టు గీకుతున్నాడు. కాదనలేదు. క్లిఫ్టన్‌కు చెప్పాల్సింది చెప్పాను. పెద్దగా ఏమీ లేదు, మూడు మాటలు.

అతను వెనక్కి వెళ్ళాడు. ఈసారి మైకు ఎత్తలేదు.

"ఈ అమ్మాయి పేరు రోవెనా," అన్నాడు. "మీరిప్పుడు చూస్తున్నది ఆమె అసలు చెయ్యి. ఆ చూపు... నాన్న ఐసు తెస్తున్నాడా అని చూస్తోంది."

జనం గోడ వైపు చూశారు. ఆ చూపు వెంబడి ఒక్కొక్కరే తల తిప్పారు. తిప్పి, బండి దగ్గర ఆగారు. ఎవరూ వరస కట్టలేదు. ఎవరూ ఫోను ఎత్తలేదు. నీలం చెయ్యి అడిగినావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెండెల్ చాలాసేపటికి తల ఎత్తాడు. గరిటె పట్టుకున్నాడు.

"నిమ్మా," అన్నాడు. ఒక గిన్నె అందుకున్నాడు. "నిమ్మా, చెర్రీయా?"

మధ్యాహ్నం భోజనాలవేళకు ఆ చెయ్యి దిమ్మల వెనక్కి వెళ్ళిపోయింది. మేస్త్రీ ఆ వరస కట్టేటప్పుడు మాత్రం టోపీ తీసి పక్కన పెట్టాడు. సెప్టెంబరులో, బడి తెరిచిన రెండో వారంలో, ముఖం కూడా వెళ్ళిపోయింది. కళ్ళు చివర వెళ్ళాయని బెర్నడీన్ చెప్పింది. వెండెల్ ఆ రోజు బండి పెట్టలేదు. ఆ తర్వాత కూడా పెట్టలేదు. బడికి నేను ఇప్పుడు దగ్గరి దారినే వెళ్తున్నాను. అడ్డేమీ లేదు.

ఆ ఆదివారం సాయంత్రం సంగతి ఒకటి చెప్పలేదు.

రంగు వేసి ఇంటికి వచ్చాం. చాలా రోజుల తర్వాత ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర భోంచేశాం. నేను గిన్నెలు తొట్టిలో పెట్టి కొళాయి తిప్పాను. ఎడమచేతిని వెనక్కి పెట్టుకుని కుడిచేత్తోనే తోముతున్నాను. చేతి వెనక ఆరిన చుక్క కంటికి ఆనడం లేదు. పిడికిలి మడిస్తే మాత్రం ఒకచోట చర్మం కొంచెం బిగుసుకుంటోంది.

పళ్ళెం జారి తొట్టిలో పడింది. వెండెల్ లేచి వచ్చాడు. నన్ను చూశాడు, వెనక్కి పెట్టుకున్న చేతిని చూశాడు. భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నేను తోముతాలే," అన్నాడు. "నువ్వు తడవకు."